అంపైర్ సంచి మీద గుర్రం

ఆ రోజు ఉదయం అర్జునరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకల్లా మూడు సంచులకు సీలు వేయాలి. మిగిలిన లక్కను ఒక అట్టముక్క మీద పోసి, జేబులో ఉన్న వస్తువుతో ఒక్క అచ్చు తీసుకోవాలి. దాన్ని ఫొటో తీసి రుషికొండలో యశస్వినికి పంపాలి. మధ్యాహ్నం భోజనానికి వెళ్ళినప్పుడు ఆ వస్తువును తల్లి వక్కల డబ్బాలో చడీచప్పుడు లేకుండా పెట్టేయాలి. ఇంత చిన్న పథకంలో తప్పు దూరడానికి సందెక్కడుందో ఆయనకు కనపడలేదు.

ఆ వస్తువు గేదెకొమ్ముతో చేసిన ముద్ర. బొటనవేలంత పొడవు ఉంటుంది. ఒక కొసన రూపాయి బిళ్ళంత చదును చేసి, అందులో ఏదో జంతువును లోతుగా చెక్కారు. నూరేళ్ళకు పైబడిన సరుకు. ఆయన తల్లి ఆదిలక్ష్మమ్మకు ఎనభై రెండేళ్ళు. ఆవిడ దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. "మా తాతది. ఎస్టేటు దాన్నెం కొట్టుకి ఏసే ముద్ర" అని ఒక్క మాట చెప్పి డబ్బా మూసేసేది.

ఆ ఒక్క మాట అర్జునరావుకు జీవితానికి సరిపోయింది. జమీందారు ధాన్యపు కొట్టుకు ముద్ర వేయడమంటే మాటలా? ఎంత నమ్మకస్తుడైతే ఆ పని అప్పగిస్తారు! ఆ నమ్మకస్తుడి వంశంలో పుట్టిన తాను పోర్టు రోడ్డులోని ఖనిజాల పరీక్ష ల్యాబులో సీలు వేసే ఉద్యోగంలో చేరడం దైవ నిర్ణయమని ఆయన గట్టిగా నమ్మాడు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ల్యాబు ముద్ర పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతోంది. మేనేజర్లు ఆరుగురు మారారు గాని తాళంచెవి మారలేదు. జీతం సంగతి ఎలా ఉన్నా, తన మర్యాదంతా ఆ తాళంచెవిలోనే ఉందని ఆయన లెక్క.

ధర కట్టించే ఆలోచన మాత్రం ఆయన భార్య కాంతానిది. పాత ముద్రలు లక్షలు పలుకుతాయని ఆవిడ ఫోనులో ఏదో వీడియో చూసింది. చూసి ఊరుకోకుండా, పాత వస్తువులు గుర్తుపట్టి ధర కట్టే యశస్విని నంబరు సంపాదించింది. "చెక్కిన వైపు ఫొటో పంపితే నాకేమీ తెలియదండీ. లక్క మీద అచ్చు తీసి పంపండి. ముద్రను తిరగేసి చెక్కుతారు కదా, అచ్చు చూస్తేనే అసలు బొమ్మ ఎలా ఉందో తెలుస్తుంది. నిజంగా ఎస్టేటు ముద్రే అయితే మూడు లక్షల దాకా వస్తుంది" అంది యశస్విని. అర్జునరావుకు కావలసింది మూడు లక్షలు కాదు. తమది నమ్మకస్తుల వంశమని తెలిసినవాళ్ళెవరైనా కాగితం మీద రాసిస్తే, దానికి అద్దం కట్టించి గోడకు తగిలించుకుందామని ఆయన ఆశ. అడిగితే తల్లి ఇవ్వదు కాబట్టి అడగలేదు.

లక్క సీలు వేయడానికి ఒక పద్ధతి ఉంది. లక్క కడ్డీని దీపం మీద కరిగించి సంచి ముడి మీద బొట్లుగా పోయాలి. ముద్రను నీళ్ళ గిన్నెలోంచి తీసి తడితడిగానే నొక్కాలి. పొడి ముద్ర నొక్కితే లక్క దానికే అంటుకుని ఊడి వచ్చేస్తుంది. అందుకని ఆఫీసు ఇత్తడి ముద్ర ఎప్పుడూ కుడిచేతి పక్క గిన్నెలో నానుతూ ఉంటుంది. అర్జునరావు కళ్ళు లక్క మీదే ఉంటాయి, కుడిచెయ్యి దానంతటది గిన్నెలోకి వెళ్ళి వస్తుంది. ఆ రోజు, కొమ్ము గీతల్లో పేరుకున్న వక్కపొడి నానితే అచ్చు బాగా పడుతుందని, ఆయనే కొమ్ము ముద్రను గిన్నెలో వేసి, రెండూ పట్టక ఇత్తడిదాన్ని తీసి పక్కన పెట్టాడు.

సరిగ్గా లక్క కరిగే వేళకు కాంతం ఫోను చేసింది.

"ఏటండీ, అచ్చు తీసీసినారా?"

"ఉండవే, సంచులకి సీలేత్తన్నాను. అయినాక తీత్తాను."

"అత్త వక్కల డబ్బా అడుగుతంది. నాను తోముతన్నానని సెప్పీసినాను. ఎంతసేపని తోమీది?"

"ఇంకో గంట తోము" అని, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, చేతి అలవాటు మీదే ఆయన మూడు సంచులకూ మూడు సీళ్ళు వేసేశాడు.

ఆ సంచుల్లో ఉన్నది ఓడకెక్కిన మాంగనీసు ఖనిజం పొడి. ఒకటి కొన్నవాళ్ళకు, ఒకటి అమ్మినవాళ్ళకు వెళ్తుంది. మూడోది అంపైర్ సంచి. రేపు సరుకు నాణ్యత మీద ఇద్దరికీ పేచీ వస్తే, దాన్ని తెరిచి పరీక్షిస్తారు. దాని సీలు చెదరకుండా ఉన్నంతసేపే ఆ పొడికి విలువ. కొన్నవాళ్ళ తరఫున జాన్‌బాబు, అమ్మినవాళ్ళ తరఫున సింహాద్రి వచ్చారు. ఫిషింగ్ హార్బర్‌లో ఆ పొద్దుట వంజరం చేప ఏ రేటు పలికిందో మాట్లాడుకుంటూ, 'ముద్రలు పరిశీలించాము, సరిగా ఉన్నాయి' అన్న చోట సంతకాలు పెట్టి, ఎవరి సంచి వాళ్ళు పట్టుకుపోయారు.

అప్పుడు అర్జునరావు అట్టముక్క ముందు పెట్టుకుని, కొమ్ము ముద్ర కోసం గిన్నెలో చెయ్యి పెట్టాడు. కొమ్ముకు ఎర్రటి లక్క పొట్టు అంటుకుని ఉంది. పక్కన ఇత్తడి ముద్ర పొడిగా, చల్లగా ఉంది. ఆయన మెల్లగా తల తిప్పి అంపైర్ సంచి వైపు చూశాడు. ముడి మీంచి నాలుగు కాళ్ళ జంతువొకటి ఆయన వైపు చూస్తోంది.

మనిషి బుర్ర విచిత్రమైనది. ఆయనకు ముందుగా వచ్చిన ఆలోచన, అచ్చు ఎంత శుభ్రంగా పడిందో అని. వెంటనే ఫొటో తీసి యశస్వినికి పంపేశాడు కూడా. ఏం చేశాడో ఆయనకు తెలిసింది ఆ తరవాతే. నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళి చెప్పేస్తే అక్కడితో పోయేది. కాని ముప్పై ఒక్క ఏళ్ళ మచ్చలేని పేరు నోరు తెరవనివ్వలేదు. రెండు సంచులూ గుట్టుగా వెనక్కి తెప్పిద్దామని సింహాద్రికి ఫోను చేశాడు.

"బావా, ఆ సంచి ఓపాలి తెచ్చీ."

"ఎందుకు బావా?"

"ఊరికే."

ఖనిజం వ్యాపారంలో సీలు వేసిన సంచిని ఊరికే వెనక్కి అడిగే మనిషి ఇంతవరకు పుట్టలేదు. ఫోను పెట్టేసి సింహాద్రి మొదటిసారిగా సీలు వైపు చూశాడు. చూసి జాన్‌బాబుకు ఫోను చేశాడు. జాన్‌బాబు తన సంచి చూసుకున్నాడు. సంచి మార్చేశారని అతను సింహాద్రిని అనుమానించాడు. సింహాద్రి జాన్‌బాబును అనుమానించాడు. అర్జునరావును ఇద్దరూ కలిసి అనుమానించారు. అరగంటలో రెండు సంచులూ ఇద్దరు మనుషులూ మేనేజరు రమణమూర్తి గదిలో ఉన్నారు.

రమణమూర్తి ల్యాబుకు వచ్చి ఎనిమిది నెలలైంది. ఆయనకు నిబంధనల పుస్తకం ఒకటి, సింహాచలం అప్పన్న ఒకరు, ఈ ఇద్దరి మీదే నమ్మకం. సీలును కళ్ళజోడు తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి చూసి, "ఇది వరాహం" అన్నాడు.

"గొర్రిపిల్ల సార్" అన్నాడు జాన్‌బాబు.

"నాకు కుక్కలా కనపడతంది" అన్నాడు సింహాద్రి.

"జంతువు ఏదైతేనేం, ఎవరిదయ్యా ఇది? ఏ కంపెనీ సీలు?" అని రమణమూర్తి అర్జునరావు వైపు తిరిగాడు.

అర్జునరావు జేబులోంచి కొమ్ము ముద్ర తీసి బల్ల మీద పెట్టాడు. "కంపెనీది కాదు సార్. మా అమ్మది."

ఆయన జరిగిందంతా చెప్పాడు. దాచాలనుకున్నదంతా దాచలేనివాడు చెప్పే పద్ధతిలో, అవసరం లేని వక్కల డబ్బాతో సహా చెప్పాడు. అంతా విని రమణమూర్తి పుస్తకం తెరిచి చదివాడు. సీలు వేసిన సంచిని సీలు యజమానీ ఇరుపక్షాలూ ఎదురుగా ఉండగా తప్ప విప్పరాదు. ఆ నిబంధన రాసినవాడు కంపెనీలను తలచుకుని రాశాడు గాని, వక్కలు నమిలే ముసలమ్మను తలచుకుని రాయలేదు. అయితే జాన్‌బాబు పట్టు వదల్లేదు.

"యజమాని రావాల్సిందే సార్. సాయంత్రానికి మీ సర్టిఫికెట్ రాకపోతే రేపు వేకువన ఓడ కదలదు. మావోళ్ళు నా పీక పట్టుకుంటారు."

"పిలిపించండి" అని, రమణమూర్తి చెయ్యి చాపాడు. "ఈ సంగతి తేలేదాకా ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి అర్జునరావుగారూ."

అర్జునరావు మొలతాడు ముడి విప్పి తాళంచెవి ఇచ్చాడు. ఆయనకు ఏడుపొచ్చింది. ఏభై ఏడేళ్ళ వయసులో నలుగురి ముందు ఏడవకూడదని వరండాలోకి వచ్చి, కాంతానికి ఫోను చేసి, "అమ్మని తీసుకుని రా" అని మాత్రం అనగలిగాడు. గొంతు పూడుకుపోయింది. అది సంతోషంతో పూడిందని కాంతం అనుకుంది. బేరం కుదిరిపోయింది, అత్త సంతకం కావాలి కాబోలని అర్థం చేసుకుంది. ముద్ర పట్టుకుపోయారని అత్తకు చెప్పే ధైర్యం లేక, "అత్తా, ఆఫీసులో మీ అబ్బాయికి సన్మానమట. నిన్ను తెమ్మన్నారు" అని చెప్పేసింది.

ఈలోపు ల్యాబు గేటు ముందు ఒక కారు ఆగింది. ఫొటో చూసి ఉండబట్టలేక రుషికొండ నుంచి యశస్విని వచ్చేసింది. చేతిలో భూతద్దం ఉంది, మెడలో ఏదో కార్డు ఉంది. "ముద్ర వ్యవహారం చూడ్డానికి వచ్చాను" అని ఆమె అంటే, హెడ్డాఫీసు నుంచి ఎంక్వయిరీ దిగిందని వాచ్‌మన్ లోపలికి పరిగెత్తాడు. రమణమూర్తి లేచి తన కుర్చీ ఆమెకు ఇచ్చేశాడు. కొబ్బరిబోండం తెప్పించాడు. ఆమె అడగకుండానే తాను ఈ ల్యాబుకు వచ్చి ఎనిమిది నెలలే అయిందని రెండుసార్లు చెప్పాడు. జాన్‌బాబూ సింహాద్రీ గోడకు ఆనుకుని నిలబడ్డారు. ఆమె పాత వస్తువులకు ధర కట్టే మనిషని తెలిసేసరికి బోండం సగమైంది. ఇచ్చిన కుర్చీ వెనక్కి అడగడం బాగుండదు కాబట్టి రమణమూర్తి నిలబడే ఉన్నాడు.

ఆమె మూడు సీళ్ళనూ చాలాసేపు చూసింది. ఫోనులో ఏవో పాత కాగితాల ఫొటోలు తీసి పక్కన పెట్టి చూసింది.

"ఇది గుర్రం. ఎస్టేటు గుర్తు ఇదే, అనుమానం లేదు" అంది.

అర్జునరావు ప్రాణం లేచి వచ్చింది.

"కాని ఎస్టేటు కాగితాల మీద అన్ని అచ్చుల్లోనూ గుర్రం కుడివైపు చూస్తుంది. ఇది ఎడమవైపు చూస్తోంది. అసలు ముద్రను చూసి ఎవరో నకలు చెక్కారు. చెక్కడం అలవాటు లేని మనిషి. అచ్చులో బొమ్మ ఎలా కనిపిస్తే అలాగే చెక్కేశాడు. తిరగేయాలని తెలియలేదు." ఆమె భూతద్దం కింద పెట్టింది. "క్షమించండి. ఇది దొంగ ముద్ర."

"సార్!" అని జాన్‌బాబు గోడ వదిలి ముందుకు వచ్చాడు. "అంపైర్ సంచికి దొంగ సీలా?"

ఆ మాట పూర్తికాకుండానే గుమ్మం ముందు ఆటో ఆగింది. మెరూన్ పట్టుచీర కట్టుకుని, తల్లో కనకాంబరాలు పెట్టుకుని, కోడలి చెయ్యి పట్టుకుని ఆదిలక్ష్మమ్మ దిగింది. లోపలికి వచ్చి, దండలూ శాలువాలూ ఎక్కడున్నాయా అని గదంతా చూసింది. బల్ల మీద మూడు సంచులు, వాటి పక్కన తన కొమ్ము ముద్ర కనపడ్డాయి. కొడుకు ముఖం కనపడింది. ఇక ఆవిడకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

"డబ్బాలోంచి తీసినావా?"

"తప్పయిపోనాదమ్మా" అన్నాడు అర్జునరావు. ఆయనకు అంతకంటే పెద్ద గాయం ఇంకోటి ఉంది. "అమ్మా, ఈవిడ దొంగ ముద్దరంటంది. కాదని సెప్పు."

ఆదిలక్ష్మమ్మ తాపీగా బల్ల పక్క స్టూలు మీద కూర్చుంది.

"ఆయమ్మకి బాగానే తెలిసినాది. మా తాత సెక్కినాడు."

ఆవిడ కొమ్ము ముద్రను చేతిలోకి తీసుకుంది.

"ఆ ఏడు వానల్లేవు. కొట్టు నిండా దాన్నెం ఉంది, ఊరు నిండా ఆకలుంది. మా తాత ఆ కొట్టుకి కాపలావోడు. తలుపు తాడుకి జమీందారు మనిషి ఠాణేదారు లక్క ముద్దరేసీసి పోయీవోడు. రాలిపోయిన లక్కముక్కొకటి దొరికితే, దాన్ని ముందెట్టుకుని కొమ్ము మీద సెక్కినాడు. తాడిప్పీడం, రెండు మూటలు తీసీడం, మల్లీ ముద్దరేసీడం. పెద్ద వానలొచ్చీదాకా ఊరంతా అలగే తిన్నాది. ఆ గింజలు తిన్న పిల్లల్లో మాయమ్మొకర్తి."

"ఎప్పుడూ పట్టుబడలేదా అమ్మా?" అని యశస్విని అడిగింది. "గుర్రం అటు తిరిగి ఉంది కదా."

"గుర్రం ఎటు సూత్తందో ఎవులు సూత్తారమ్మా? ముద్దరుందా లేదా అనే సూత్తారు. వారం వారం ఠాణేదారొచ్చి సూసి, బాగుందని రాసుకుని ఎల్లిపోయీవోడు."

జాన్‌బాబు నేల వైపు చూశాడు. సింహాద్రి కూడా అటే చూశాడు.

అర్జునరావుకు మాత్రం కాళ్ళ కింద నేల లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు తాను ఛాతీ విరుచుకుని మోసిన గౌరవం ఒక దొంగ ముద్రది. నమ్మకస్తుల వంశమని ఈ గదిలో ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పుకున్నాడో తలచుకుంటే సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"మరి నాకలగెందుకు సెప్పినావమ్మా?"

"ఏటి సెప్పినాన్రా? మా తాతది, దాన్నెం కొట్టుకేసే ముద్దర అన్నాను. అందల అబద్దమేటుంది? మిగిల్దంతా నువ్వే అల్లుకున్నావు. సీలేసే ఉజ్జోగమొచ్చిందని గెంతుకుంటా వొచ్చినావు. ఆ పూట దొంగ ముద్దరని సెప్తే ఎల్తావేటి ఉజ్జోగానికి?" ఆవిడ కొడుకు చొక్కా మీది లక్క మరకను గోటితో గీకింది. "నువ్వు మంచోడివే అయినావు కదా. మరేటి కావాలి?"

అర్జునరావు కళ్ళు ఈసారి వరండాదాకా ఆగలేదు.

రమణమూర్తి దగ్గి నిబంధనల పుస్తకం అందుకున్నాడు. దొంగ సీలు గురించి అందులో ఏమీ లేదు. జాన్‌బాబు కొంచెం గొంతు తగ్గించి, "అయితే సంచులు ఎవరూ విప్పలేదని గ్యారంటీ ఏంటి మామ్మగారూ?" అన్నాడు.

"ఇలాగియ్యి." ఆవిడ మొదటి సంచి ఒళ్ళో పెట్టుకుని, బొటనవేలి గోరును లక్క అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పింది. కళ్ళు మూసుకుని తిప్పింది. తరవాత రెండోది, ఆ తరవాత అంపైర్‌ది. "ఇప్పి ఏసిన ముద్దరకి గోటికి రెండు పొరలు తగుల్తాయి. ఇయ్యి మూడూ ఒకే పొర. ఎవులూ ఇప్పలేదు. మా తాత మాయమ్మకి నేర్పినాడు, మాయమ్మ నాకు నేర్పినాది."

అర్జునరావు ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవంలో ఈ పరీక్ష లేదు. ఆయన వంగి తన గోటితో చూశాడు. జాన్‌బాబు చూశాడు, సింహాద్రి చూశాడు. చివరికి రమణమూర్తి కూడా చూసి, "ఒకటే పొర" అన్నాడు. సంచులు తూకం వేస్తే పొద్దుటి తూకమే వచ్చింది.

"ఇంతకీ నాయనా, పొద్దున సంచి పట్టుకెల్లినప్పుడు సంతకమెట్టీ ఉంటావు కదా. ఏటి సూసి ఎట్టినావు?" అని ఆదిలక్ష్మమ్మ జాన్‌బాబును మామూలుగానే అడిగింది. జాన్‌బాబు వెంటనే తమ కంపెనీకి ఏ అభ్యంతరమూ లేదన్నాడు. సింహాద్రి తమకు అంతకంటే లేదన్నాడు.

సీలు యజమాని ఎదుటే సంచులు విప్పారు. ఇత్తడి ముద్ర గిన్నెలో వేశారు. రమణమూర్తి తాళంచెవి అర్జునరావు వైపు తోశాడు. ఆయన తల్లి వైపు చూసి, ఆవిడ తలూపాక గాని తీసుకోలేదు. లక్క పోసి, గిన్నెలోకి స్వయంగా తొంగి చూసి, ముద్ర బయటికి తీసి, ఏ వైపు ఉందో చూసుకుని మరీ నొక్కాడు. ఓడకు కాగితం నాలుగున్నరకే వెళ్ళిపోయింది.

"ఇంతకీ మూడు లచ్చలూ లేవన్నమాటేనా?" అని కాంతం నెమ్మదిగా యశస్వినిని అడిగింది.

"అసలు ముద్రకు వస్తాయండీ. అవి ఇంకో నాలుగైదు దొరికాయి. ఇలాంటిది మాత్రం నేనెక్కడా చూడలేదు. దీనికి ధర నాకు తెలియదు" అంది యశస్విని.

"నాకు తెల్సు" అని ఆదిలక్ష్మమ్మ కొమ్ము ముద్రను పట్టుచీర కొంగున ముడేసుకుంది. ఎంతో మాత్రం చెప్పలేదు.

ఫైలులో పెట్టడానికి నిపుణుల అభిప్రాయం కావాలని రమణమూర్తి ఒక కాగితం ముందుంచాడు. యశస్విని కాసేపు ఆలోచించి రాసిచ్చింది. రకం: నకిలీ. స్థితి: వాడుకలో ఉంది.